రానుపోను దుప్పటి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి కుడివైపు తిరిగితే కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో అతను కనిపించాడు. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. ఫొటో చుట్టూ అచ్చువేసిన తెల్లపూల దండ. దాని కింద ‘మాట మనిషి ఇక లేరు’ అని పెద్ద అక్షరాలు, వాటి కింద ఇరవై మూడు మంది పేర్లు, వాళ్ళ ఫొటోలతో సహా. అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. రాయించినవాళ్ళు పొగడ్త అనుకునే రాయించి ఉంటారు. నా దృష్టిలో మాత్రం అది ఉన్నదున్నట్టు రాసిన వాక్యం. అతని దగ్గర మాట తప్ప కొలత, లెక్క, పద్ధతి ఏవీ ఉండేవి కావు.

అతనిది బెడ్‌షీట్లు, పరదాల దుకాణం. అందులో తొమ్మిదేళ్ళ రెండు నెలలు నేను కటింగ్ పని చేశాను. ఏ మంచానికి, ఏ కిటికీకి ఎంత బట్ట పడుతుందో లెక్కగట్టి చెప్పడం, కోయడం, అంచులు కుట్టడం నా పని. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. భిన్నాలు, వైశాల్యాలు ఆ దుకాణం నేల మీద చాక్‌పీసుతో గీసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. కనుక అతని గురించి నేను చెప్పేది కొలిచి చెప్పేదే.

అందరూ అతన్ని సేఠ్ అనేవారు. పుట్టుకతో సేఠ్ కాదు. పోచంపల్లి పక్కన చేనేత కుటుంబంలో పుట్టాడు. అక్కడ నూలుకు రంగు అద్దేముందు దారాలు లెక్కపెట్టి ముడులు కడతారు. నాలుగు దారాలు అటూ ఇటూ అయితే చీరలో పువ్వు చెదిరిపోతుంది. అలాంటి లెక్కగల మనుషుల మధ్య పుట్టి ఒక మనిషి ఇలా ఎలా తయారయ్యాడన్నది నాకు ఇప్పటికీ తెగని ప్రశ్న.

మెడలో ఎప్పుడూ టేపు వేలాడేది, డాక్టరు మెడలో గొట్టంలాగా. తొమ్మిదేళ్ళలో దాన్ని విప్పి ఏదైనా కొలవగా నేను చూడలేదు. దుప్పటి ఎంత పెద్దదని ఎవరైనా అడిగితే రెండు చేతులూ బారచాచి, ‘ఇంత’ అనేవాడు. డబుల్ కాట్ దుప్పటికీ అదే ఇంత, సింగిల్ కాట్ దుప్పటికీ అదే ఇంత. పరదా బట్ట మాత్రం మీటరు కర్రతో తానే కొలిచేవాడు. కొలిచేటప్పుడు ఎడమ బొటనవేలు కర్ర చివరకు ఇవతల పెట్టి బట్టను నొక్కి పట్టేవాడు. కర్ర వేసిన ప్రతిసారీ ఆ వేలి మందం బట్ట తగ్గేది. గాజు కౌంటరు మీద పడ్డ అతని వేలిముద్ర పక్కన టేపు పెట్టి ఒకరోజు కొలిచాను. ముప్పావు అంగుళం. పన్నెండు మీటర్ల పరదాకు తొమ్మిది అంగుళాలు. అంటే ఒక కిటికీ పరదా కిటికీ అడుగుదాకా రాదన్నమాట.

ఆ సంగతి అతనితో అన్నాను కూడా. నా వంక జాలిగా చూశాడు.

“గుడ్డకు పాణముంటది. సాగుతది.”

సరిగ్గా వారం తర్వాత చంపాపేట నుంచి ఒకావిడ ఉతికిన దుప్పటి పట్టుకుని వచ్చింది. ఒక్క ఉతుకుకే మంచానికి పొట్టిదైపోయిందని గొడవ. అతను దుప్పటిని ప్రేమగా నిమిరి, దీనికి ప్రాణముంది కదమ్మా, ముడుచుకుంటుంది అన్నాడు. వారం కింద నాతో మాట్లాడినప్పటి ముఖమే, అదే జాలి.

అతనికి నేను విన్నంతలో ఏడు సొంతూళ్ళు ఉన్నాయి. నల్గొండ వైపువాళ్ళు వస్తే నల్గొండ. సూర్యాపేట యాస వినిపిస్తే అక్కడ మేనమామ. కోస్తా నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ కుటుంబాలు వస్తే గొంతు మార్చి, ‘ఏవండీ, ఏలూరేనాండీ తమది’ అంటూ వాళ్ళ ఊళ్ళో తన అత్తగారిల్లు కట్టేసేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ కూర్చునేవారు. కూర్చున్నవాళ్ళ ఒళ్ళో దుప్పటి పడేలా ఒక్క విసురు విసిరి పరిచేవాడు. ఒళ్ళో పడ్డ బట్టను జనం తిరిగి ఇవ్వలేరని అతని సిద్ధాంతం. ఇచ్చినవాళ్ళు నిజంగానే తక్కువ.

నేను బాగా కోసిన రోజు బట్ట మీద చెయ్యి వేసి ‘మన చెయ్యి పడ్డదంటే అట్లుంటది’ అనేవాడు. ఎక్కడైనా వంకర పోతే కొన్నవాళ్ళ ముందే నన్ను పేరు పెట్టి పిలిచి, కళ్ళు కనిపిస్తున్నాయా అని అడిగేవాడు. వంకర తన బొటనవేలు వల్ల వచ్చినప్పుడు కూడా.

పిల్లల దగ్గర మాత్రం అతని పద్ధతి వేరు. ఎవరైనా పిల్లను తీసుకుని వస్తే గల్లా దిగి వచ్చి, నేల మీద గొంతుక్కూర్చుని, పిల్ల కళ్ళకు తన కళ్ళు సమానంగా పెట్టి మాట్లాడేవాడు. దుకాణంలో అతను ఏదైనా సమానంగా పెట్టగా చూసింది అదొక్కటే. పిల్ల ఏది వేలు పెట్టి చూపిస్తే తల్లిదండ్రులు అది కొనక తప్పదు కనుక అదీ వ్యాపారమే అనుకునేవాణ్ణి. ఇప్పుడూ అలాగే అనుకుంటున్నాను.

విమానాల బట్ట ఒక వేసవిలో వచ్చింది. లేత నీలం మీద తెల్ల విమానాలు, ఎర్ర తోకలు, ఒక్కోదానికి మూడు కిటికీలు. పన్నా, అంటే బట్ట వెడల్పు, ముప్పై ఆరు అంగుళాలు. వరసకు నాలుగు విమానాలు. వరసకూ వరసకూ పదమూడు అంగుళాల ఎడం. అన్ని ముక్కులూ ఒకే వైపు. ఇలాంటి అచ్చును మా పనిలో వన్‌వే అంటాం. పూల బట్టను ఎటు తిప్పి కోసినా పువ్వు పువ్వే. వన్‌వేను అలా కోయకూడదు. పన్నా చాలక రెండు ముక్కలు జోడించి దుప్పటి చెయ్యాల్సి వచ్చినప్పుడు రెండింటి తలలూ ఒకే దిక్కుకు రావాలి. లేకపోతే సగం దుప్పటి తలకిందులవుతుంది. కటింగ్ మాస్టరుకు అంతకు మించిన తలవంపు లేదు.

ఒక ఆదివారం సాయంత్రం మన్సూరాబాద్ నుంచి మొగుడూ పెళ్ళాలు, ఏడేళ్ళ కూతురు వచ్చారు. అతను ఏసీలు బాగుచేసే మెకానిక్. మస్కట్‌లో పని దొరికింది. శుక్రవారం ప్రయాణం. చిక్కల్లా పిల్లతో వచ్చింది. నాన్న విమానమెక్కి పోతాడని తెలిసిన రోజు నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది. పాస్‌పోర్టు రెండుసార్లు దాచింది. మొదటిసారి బియ్యం డబ్బాలో, రెండోసారి కూలరు వెనక. విమానమంటే నాన్నను మింగేసేదని దాని లెక్క. అందుకని ఆ తండ్రి ఇంట్లో సామాన్లు పెట్టుకునే చిన్న గది ఖాళీ చేసి, సున్నం వేసి, కూతురికి గది చేశాడు. మంచం మీదికి విమానాల దుప్పటి, విమానాల దిండు గలీబులు కావాలని వచ్చాడు. రోజూ విమానాల మీద పడుకుంటే విమానం మీద కోపం పోతుందని అతని ఆశ. కూతురు తనతో ఒక్క మాట మాట్లాడకుండా తాను విమానం ఎక్కలేనని భార్యతో అన్నాడట. ఇదంతా బట్ట చూసుకుంటూ ఆమె చెప్పింది. పిల్ల తల్లి కొంగు వెనక నిలబడి తండ్రి వైపు చూడకుండా వింటోంది.

సేఠ్ నీలం బట్ట విసిరి పరిచాడు. బాగానే ఉందనుకున్నారు. ఎంత పడుతుందని నన్ను అడిగాడు. నేను అలవాటు కొద్దీ ఉన్న సంగతి చెప్పాను.

“ఇది వన్‌వే సేఠ్. రెండు ముక్కలు ఒకే దిక్కు కొయ్యాలె.”

ఆమె చెయ్యి బట్ట మీద నుంచి వెనక్కి పోయింది. వన్‌వే అంటే ఏంటని నన్ను అడగలేదు. మొగుణ్ణి అడిగింది.

“ఏమంటుండు ఈయన? పోవుడే గాని వచ్చుడు లేదనా?”

అది అచ్చు గురించి అన్న మాట అని అతను నవ్వి సర్దబోయాడు. ఆమె వినలేదు. విదేశం పోయే మనిషి ఇంట్లోకి వన్‌వే అన్న వస్తువు ఎట్లా తీసుకుపోతానంది. పిల్ల తల్లి ముఖం చూసింది, తండ్రి ముఖం చూసింది, చూసి తల్లి కొంగు గట్టిగా పట్టుకుంది. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ వాళ్ళ మధ్యకు నేను తెచ్చిన భయం కూడా అబద్ధం కాదు.

అప్పుడు సేఠ్ గల్లా దిగాడు.

“మావోని మాట పట్టించుకోకు చెల్లె. కత్తెర ఇస్తే కోస్తడు, నోరిచ్చినా కోస్తడు. గిది వన్‌వే కాదు. రానుపోను మాలు.”

దుకాణంలో ఉన్న ఇంకో ఇద్దరు గిరాకీలు నవ్వారు. అతను నేల మీద గొంతుక్కూర్చుని, పిల్ల ముందు బట్టను ఒక మడతగా పరిచి, దాని పక్కనే రెండో మడతను తలకిందులుగా పరిచాడు. సగం విమానాలు పైకి, సగం కిందికి. ఇటువైపువి పోతున్నాయని, అటువైపువి వస్తున్నాయని వేలితో చూపించాడు. నీకు నచ్చిన వైపు పడుకో అన్నాడు. నేను తలవంపు అనుకునే తప్పును నా కళ్ళముందే గొప్ప డిజైనుగా అమ్మేస్తున్నాడు.

పిల్ల కొంగు వదిలి రెండడుగులు ముందుకు వచ్చింది.

“వచ్చేది ఎప్పుడొస్తది తాతా?”

మామూలు మనిషైతే ఇక్కడ తడబడతాడు. అతనికి తడబాటు తెలియదు.

“గీ దిక్కు ఎన్ని విమానాలున్నయో అన్ని నెలలకు బిడ్డా. లెక్కవెట్టుకో.”

పిల్ల కూర్చుని వేలుపెట్టి లెక్క మొదలుపెట్టింది. దుప్పటికి ఆ వైపు ఎన్ని వస్తాయో నాకు లెక్కపెట్టకుండానే తెలుసు. దుప్పటి పొడవు తొంభై ఒక్క అంగుళాలు, పదమూడు చొప్పున ఏడు వరసలు, వరసకు నాలుగు. ఇరవై ఎనిమిది. తండ్రి నా పక్కకు జరిగి, అగ్రిమెంటు రెండేళ్ళకు రాసుకున్నారన్నా అని మెల్లగా అన్నాడు. ఇరవై నాలుగు. పిల్ల అప్పటికి పదిహేను దాటింది. నాలుగు నెలలు ఎక్కువ చెప్పి పంపుతున్నాం. ఆ విమానాలకూ ఆ మనిషి రాకకూ ఏ సంబంధమూ లేదని తెలిసి కూడా, అంకె తప్పుగా ఉంటే నాకు కాలు నిలవలేదు. బట్ట అంచు పట్టుకుని లాగి, అంచులు కుట్టిన తర్వాత లెక్కపెట్టాలి బిడ్డా, ఇప్పుడు పెడితే తప్పొస్తుంది అన్నాను. గురువారం రమ్మన్నాను.

రెండు ముక్కల్నీ ఎదురుబదురుగా జోడించాను. నా చేతులతో నేను అలా జోడించిన మొదటి దుప్పటి అది. పాదాల వైపు పదమూడు అంగుళాలు లోపలికి మడిచి కుట్టాను. ఏడో వరస మడతలోకి పోయింది. డెబ్బై ఎనిమిది అంగుళాలు మిగిలింది. ఐదున్నర అడుగుల మంచానికి పరుపు కిందికి దోపడానికి కూడా చాలు. కోసి పారేయలేదు. పిల్లల వస్తువుల్లో కాస్త బట్ట లోపల వదలడం అలవాటు. ఎదిగితే విప్పుకుంటారు.

గురువారం ముగ్గురూ వచ్చారు. పిల్ల దుకాణం నేల మీదే దుప్పటి పరిపించుకుని వచ్చే వైపు లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. మళ్ళీ కింది నుంచి పైకి లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. లేచి తండ్రి దగ్గరికి పోయి, “రెండేండ్లే” అంది. చాలా రోజులకు అతనితో అన్న మొదటి మాట అదట. తండ్రి వంగి దుప్పటి మడతపెడుతూ పాదాల వైపు అంచు తడిమాడు. మందంగా ఉందని గ్రహించాడు. నా వైపు చూశాడు. పిల్ల అతని చెయ్యి పట్టుకునే దుకాణం దిగింది.

వాళ్ళు పోయాక సేఠ్ నా భుజం మీద చరిచి, “చూసినవా, లెక్క ఎట్ల కూసున్నదో” అన్నాడు. మడత సంగతి అతనికి తెలియనే తెలియదు. దుప్పటి పొడవెంతో అతను ఏనాడూ చూడలేదు కదా. తన నోట వచ్చిన అంకె తనంతట తానే నిజమైందని మనసారా నమ్మాడు. అబద్ధాలాడే మనుషుల్ని నేను చాలామందిని చూశాను. ఎక్కువమందికి తమది అబద్ధమని తెలుస్తుంది. తన అబద్ధానికి తానే ముచ్చటపడి దండం పెట్టుకునేవాణ్ణి ఇతన్నొక్కణ్ణే చూశాను.

అక్కడితో ఆగలేదు. ఆ వేసవంతా రానుపోను దుప్పటి అని పేరుపెట్టి అమ్మాడు. నాన్నలు ఎక్కడికీ పోని పిల్లలకు కూడా అమ్మాడు. మూసారాంబాగ్ నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి, సగం తలకిందులుగా ఉందేమిటండీ అని అడిగితే, ఎయిర్‌పోర్టులో పోయేవే ఉంటాయా సారు, వచ్చేవి ఉండవా అని ఎదురడిగాడు. ఆయన ఆలోచనలో పడి కొనుక్కుపోయాడు. నేను వరసగా తలకిందుల దుప్పట్లు కోస్తూ కూర్చున్నాను. ఒకటి రెండు కాదు, నలభై ఆరు. పక్క దుకాణాల కటింగ్ మాస్టర్లు టీ దగ్గర నన్ను చూసి, ఏందన్నా కొత్త చదువా అని అడిగేవారు.

మన్సూరాబాద్ ఆమె అప్పుడప్పుడూ దేనికో దానికి దుకాణానికి వచ్చేది. పిల్ల బాగానే పడుకుంటోందని, వచ్చే వైపే పడుకుంటుందని, నెలకో విమానం కిటికీలను నీలం పెన్నుతో నింపుతోందని చెప్పేది. సేఠ్ వింటూ తల ఊపేవాడు. నేను లోలోపల లెక్క వేసుకునేవాణ్ణి. పదకొండు. పదహారు. ఇరవై.

రెండేళ్ళు నిండే నెలలో తల్లీ కూతురూ వచ్చారు. పిల్లకు తొమ్మిదేళ్ళు. పొడవైంది. చంకలో ఆ దుప్పటి. వస్తూనే కౌంటరు మీద పెట్టి విప్పింది. ఇరవై నాలుగు విమానాల కిటికీలు నింపి ఉన్నాయి. వాటి కింద ఖాళీ కిటికీలతో నాలుగు విమానాలు, వాటి మీద విప్పిన కుట్టు రంధ్రాలు. కొత్తగా పెద్ద మంచం తెచ్చారు, దుప్పటి చాలక తల్లి మడత విప్పింది.

తల్లి జరిగింది చెప్పింది. మస్కట్‌లో ఆ కంపెనీ ఇంకో ఏడాది ఉండమంది. కాగితం మీద సంతకమైపోయింది. పిల్ల రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. మడతలోంచి విమానాలు బయటపడగానే, ఇందుకే నాన్న రాలేదని దుప్పటి తీసుకుని తల్లిని బయల్దేరదీసింది.

పిల్ల సేఠ్ వైపు చూడలేదు. నా వైపే చూసింది.

“నాలుగు మీరే దాచిండ్రు గదా అంకుల్?”

దాచిన మాట నిజం. సేఠ్ బట్టను దగ్గరికి లాక్కుని మడత గీత చూశాడు, ఖాళీ కిటికీలు చూశాడు, నా ముఖం చూశాడు. రెండేళ్ళ కింద లెక్క ఎలా కుదిరిందో అప్పుడు అర్థమైంది అతనికి. అర్థమైన మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను. అతని ముఖంలో అది ఒక నిమిషం కూడా నిలవలేదు. గల్లా దిగి వచ్చాడు. ఈసారి గొంతుక్కూర్చోవడానికి కౌంటరు పట్టుకోవాల్సి వచ్చింది.

“అవు బిడ్డా. మావోడు మస్తు పిసినారి, నాలుగు మింగిండు. అందుకే మీ నాయిన ఆగిండు. ఇంక నాలుగు నెలలే.”

తొమ్మిదేళ్ళలో మొదటిసారి గిరాకీ ముందు అతని మాటకు అడ్డం పోయాను.

“నాలుగు కాదు బిడ్డా, పన్నెండు. కాయిదం మీద ఏడాది అని రాసుంది.”

“ఊకోరాదే అన్నా,” అంది తల్లి నా వైపు తిరిగి, చాలా మెల్లగా. కాగితం మీద ఏముందో నాకంటే ఆమెకు బాగా తెలుసు. పిల్ల నా మాట విననట్టే ఉంది. సేఠ్ కళ్ళలోకే చూస్తోంది.

“నాలుగేనా తాతా?”

“నాలుగే.”

పిల్ల దుప్పటి తానే మడతపెట్టుకుంది. నాలుగు ఖాళీ విమానాలు పైకి వచ్చేలా మడిచింది. వెళ్తూ మెట్ల మీద తల్లితో ఆకలేస్తోందని అనడం మాకు వినిపించింది.

అప్పుడు అతన్ని అడిగాను. నాలుగు నెలల తర్వాత వచ్చి నిలదీస్తే ఆ పిల్లకు ఏం చెప్తావు సేఠ్ అని. అరచేతులు దులుపుకుంటూ లేచాడు.

“నాలుగు నెలల సంగతి నాలుగు నెలలకు. ఇయ్యాల పిల్ల తిన్నదా లేదా, గది చెప్పు.”

ఇది విని కొందరు అతన్ని మెచ్చుకోవచ్చు. నేను మెచ్చుకోను. అతను ఏనాడూ ఆ నాలుగు నెలల అవతల ఉండడు. అక్కడ తల్లి ఉంటుంది. ఒకరోజు అన్నం తినిపించి, నూట ఇరవై రోజుల తర్వాతి ఏడుపును ఇంకొకరి నెత్తిన పెట్టి, చేతులు దులుపుకోవడాన్ని దయ అనను. పరదా పొట్టిగా కోసి అమ్మడం లాంటిదే అది. కొన్న రోజు కనపడదు, ఇంటికి పోయి కట్టుకున్నాక తెలుస్తుంది. ఆ మాట అతని ముఖం మీదే అన్నాను. గుడ్డలు కోసుకునేటోడివి, నీకెందుకయ్యా గీ లోకం లెక్కలు అన్నాడు. ఆ నెలాఖరుకు పని మానేశాను. ఎల్బీనగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని సొంతంగా కటింగ్ మొదలుపెట్టాను. నా దగ్గర వన్‌వే అంటే వన్‌వేయే. రెండు ముక్కల తలలూ ఒకే దిక్కు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ నాలుగు నెలలు నేను క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుని ఎదురుచూశాను. తండ్రి రావాలని కాదు. గడువు దాటిన మర్నాడు ఆ పిల్ల దుకాణం మెట్లెక్కి వచ్చి నిలబడితే అతని దగ్గర ఏ మాటా ఉండదని, ఒక్కసారైనా ఆ నోరు మూతపడుతుందని. పిల్ల ఏడుస్తుందన్న సంగతి నాకు గుర్తులేదని కాదు. గుర్తుంచుకునే ఎదురుచూశాను.

నాలుగు నెలలు నిండాయి. తండ్రి వచ్చాడన్న కబురు లేదు. ఒకటి, రెండు, ఐదు రోజులు గడిచాయి. నాకు తృప్తిగా ఉంది. ఒకటి రెండుసార్లు పని మధ్యలో ఆ దుకాణం వైపు పోయి రావాలనిపించింది, పోలేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె నా గది వెతుక్కుంటూ వచ్చింది. వెనక మొగుడు. మనిషి నల్లబడ్డాడు, చిక్కాడు. నవ్వుతున్నాడు. మస్కట్‌లో అతను పని చేసే కంపెనీ ఉన్నపళంగా పని ఆపేసింది. మనుషుల్ని జట్లు జట్లుగా విమానాలెక్కించి పంపేసింది. చేతిలో పని లేదు, ఒక బ్యాగుతో దిగాడు. ఇక్కడ మళ్ళీ ఏసీల పని వెతుక్కోవాలి, వేసవి దాటింది కనుక అదీ అంతంతమాత్రమే. అది చెప్తూనే ఆమె కళ్ళు తుడుచుకుంది, నవ్వింది. పిల్ల వారం నుంచి తండ్రి చెయ్యి వదలడం లేదట. ఆ ఒక్కరోజే బడికి పోయిందట.

ముందు సేఠ్ దగ్గరికి పోయి వచ్చారు. మిఠాయి డబ్బా ఇచ్చి, కాళ్ళకు దండం పెట్టి వచ్చారు. అతను ఏమన్నాడని అడిగాను. నేను చెప్పలేదా చెల్లె అన్నాడట.

“ఆయన నోట్ల ఏం బలమున్నదో గాని అన్నా, నాలుగంటే నాలుగు నెలలకే తోల్కొచ్చిండు,” అంది ఆమె.

మొగుడు మాత్రం ఆ రోజు అంచు తడిమినప్పుడు నా వైపు చూసినట్టే మళ్ళీ చూశాడు. నేను వాళ్ళకు కుర్చీలు వేసి, కొత్త పరదాలకు కిటికీ కొలతలు రాసుకున్నాను. ఎప్పుడు దిగావు తమ్మీ అని మధ్యలో మాటవరసకు అడిగాను. తారీఖు చెప్పాడు. రాసుకుంటున్న కాగితం వెనకవైపు లెక్క వేసి చూశాను. నాలుగు నెలల తొమ్మిది రోజులు.

ఆ తొమ్మిది రోజుల సంగతి నేను ఆమెతో అనలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లోనూ, మన్సూరాబాద్‌లోనూ అతని మాట తప్పిందని తెలిసిన మనిషి నేనొక్కణ్ణే. నేను చెప్పినా ఎవరూ నమ్మరు.